బర్త్‌ సర్టిఫికెట్‌తో ఓడెక్కేద్దామా!

పాస్‌పోర్టు లేకుండా పరాయి దేశం వెళ్లి రావచ్చా?
'కుదరదు' అంటాం ఠక్కున. కానీ అమెరికా పౌరులకు ఓ చిన్న కిటికీ తెరిచే ఉంది. చేతిలో బర్త్‌ సర్టిఫికెట్‌ పెట్టుకుని విహారనౌక ఎక్కొచ్చు. మెక్సికో తీరంలో దిగొచ్చు, బహమాస్‌ ఇసుకలో ఆడుకోవచ్చు, మళ్లీ ఓడెక్కి ఇంటికి రావచ్చు. అక్కడ పుట్టిన మన తెలుగింటి పిల్లలకూ ఈ సౌకర్యం ఉంది. అయితే, పిల్లాడికి చాలిన కాగితం నాన్నకు చాలదు. అమ్మమ్మకు అసలే చాలదు. ఒకే గదికి టికెట్లు కొనుక్కున్న కుటుంబంలో తలో దారి! ఈ చిక్కుముడి తెలియకపోతే సెలవుల సరదా కాస్తా రేవులోనే ఆగిపోతుంది.

ఎక్కిన చోటే దిగాలి

ఈ వెసులుబాటు దొరకాలంటే మూడు షరతులు. ఒకటి, ప్రయాణికులు అమెరికా పౌరులై ఉండాలి. రెండు, ఓడ అమెరికాలోని ఏ రేవులో బయల్దేరిందో తిరిగి అదే రేవుకు చేరాలి. దీన్నే 'క్లోజ్డ్‌ లూప్‌' ప్రయాణం అంటారు. మూడు, ఆ ఓడ పశ్చిమార్ధగోళంలోనే తిరగాలి. అంటే కెనడా, మెక్సికో, కరీబియన్‌ దీవుల చుట్టుపక్కలన్నమాట.

మయామిలో ఎక్కి, బహమాస్‌ రాజధాని నసావు చూసి, మళ్లీ మయామిలో దిగితే అది క్లోజ్డ్‌ లూప్‌. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో ఎక్కి, మెక్సికో దీవి కోజుమెల్‌ చూసి గాల్వెస్టన్‌కే వచ్చినా అంతే. డాలస్‌, హ్యూస్టన్‌లలోని మనవాళ్లకు కారులో వెళ్లి ఓడెక్కేందుకు వీలైన రేవు ఇది. అదే కెనడాలోని వాంకోవర్‌లో ఎక్కి అలాస్కాలో దిగితే మాత్రం ఈ సౌకర్యం వర్తించదు. ఎక్కిన చోటు వేరు, దిగిన చోటు వేరు కదా!

పదహారేళ్లు నిండనివారికి బర్త్‌ సర్టిఫికెట్‌ ఒక్కటీ చాలు. అంతకు పైబడినవారు దాంతోపాటు ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు కూడా చూపించాలి. చాలామంది డ్రైవింగ్‌ లైసెన్స్‌ చూపిస్తారు. పుట్టుకతో కాకుండా తర్వాత పౌరసత్వం తీసుకున్నవారైతే ఆ పౌరసత్వ ధ్రువపత్రం, దాంతోపాటు ఫొటో కార్డు ఉండాలి.

పరాయి రేవు తప్పనిసరి!

'అలాస్కా అమెరికాలోనిదే, సియాటిల్‌ అమెరికాలోనిదే. మధ్యలో ఈ కెనడా గొడవేంటి' అని కొందరికి అనుమానం. దీనికి కారణం 1886 నాటి ఓ చట్టం. విదేశీ జెండాతో తిరిగే ఓడలు అమెరికాలోని ఒక రేవు నుంచి మరో రేవుకు ప్రయాణికుల్ని చేరవేయకూడదని ఆ చట్టం చెబుతోంది. స్వదేశీ ఓడల వ్యాపారాన్ని కాపాడటం దీని ఉద్దేశం. పెద్ద విహారనౌకల్లో అత్యధిక భాగం బహమాస్‌, పనామా లాంటి దేశాల జెండాలతో తిరిగేవే. అమెరికా రేవులన్నీ చూపించి తిరిగి తెచ్చినా, మధ్యలో ఒక్క విదేశీ రేవునైనా తాకాల్సిందే. అందుకే సియాటిల్‌లో బయల్దేరే అలాస్కా ఓడలు కెనడాలోని విక్టోరియా లాంటి రేవులో కొన్ని గంటలైనా ఆగుతాయి.

కొవిడ్‌ రోజుల్లో కెనడా తన రేవుల్ని విహారనౌకలకు మూసేసింది. దాంతో అలాస్కా పర్యటకం మొత్తం కుదేలైంది. చివరికి 2021 మేలో అమెరికా ప్రత్యేక చట్టం చేసి, తాత్కాలికంగా మినహాయింపు ఇస్తే గానీ ఓడలు కదల్లేదు. నూట ముప్ఫై ఏళ్లు దాటిన చట్టానికి ఇప్పటికీ అంత బలం ఉంది మరి.

ప్రయాణికుడికి ఇందులో తెలుసుకోవాల్సిన సంగతి ఒకటే. 'మేం అలాస్కాకే కదా వెళ్తున్నాం' అనుకున్నా, కాగితాల లెక్కలో అది విదేశీ ప్రయాణమే.

నోటిమాట రోజులు పోయాయి

ఒకప్పుడు ఇంత తతంగం లేదు. కెనడా, మెక్సికోల నుంచి రోడ్డు మీదో, నీటి మీదో వచ్చే అమెరికా పౌరుడు 'నేను అమెరికన్‌ని' అని నోటితో చెబితే నమ్మి పంపేసిన సందర్భాలూ ఉండేవి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత పరిస్థితి మారింది. 2004లో అమెరికా కాంగ్రెస్‌ ఓ చట్టం చేసింది. ఇరుగుపొరుగు దేశాల నుంచి వచ్చినా సరే, అందరూ గట్టి ఆధారం చూపించాలన్నది దాని సారాంశం. 2007 జనవరి 23 నుంచి విమాన ప్రయాణికులకు పాస్‌పోర్టు తప్పనిసరి చేశారు. ఒక్కసారిగా దరఖాస్తులు వెల్లువెత్తాయి. పాస్‌పోర్టు కార్యాలయాలు తట్టుకోలేక, ఆ ఏడాది జూన్‌లో నిబంధనను కొన్నాళ్లపాటు సడలించాల్సి వచ్చింది.

2008 జనవరి 31 నుంచి రోడ్డు, సముద్ర మార్గాల్లో వట్టి నోటిమాట చెల్లకుండా పోయింది. 2009 జూన్‌ 1 నుంచి ఆ దారుల్లోనూ పాస్‌పోర్టు లేదా దానికి సమానమైన కార్డు అడగడం మొదలుపెట్టారు. అప్పుడే విహారనౌకలకు ఈ మినహాయింపు మిగిల్చారు. ఎక్కేటప్పుడే ఓడ సంస్థ కాగితాలు చూస్తుంది. ప్రయాణికుల జాబితా ముందే ప్రభుత్వానికి వెళుతుంది. ఎక్కినవాళ్లే దిగుతారు. కాబట్టి ముప్పు తక్కువని వారి ఆలోచన.

ఓడలోనే నెలల తరబడి బందీ

అసలు పుట్టుక కాగితానికి అమెరికాలో ఇంత విలువ ఎందుకు? ఆ గడ్డ మీద పుట్టినవారు పౌరులేనని 1868లో వచ్చిన 14వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. ఆ మాటకు అర్థమేంటో తేల్చిన కేసు కూడా ఓ ఓడ ప్రయాణంతోనే మొదలవడం విశేషం.

వాంగ్‌ కిమ్‌ ఆర్క్‌ 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లిదండ్రులు చైనీయులు. అతను వంటవాడు. 1894లో చైనాలోని తనవాళ్లను చూడటానికి బయల్దేరుతూ, 'ఇతను ఇక్కడే పుట్టాడు' అని స్థానికులైన తెల్లవారితో సంతకాలు పెట్టించిన కాగితాన్ని వెంట తీసుకెళ్లాడు. 1895 ఆగస్టులో 'కాప్టిక్‌' అనే ఓడలో తిరిగొచ్చాడు. అధికారులు దిగనివ్వలేదు. ఇక్కడ పుట్టినా నువ్వు చైనా రాజు ప్రజవే అన్నారు. సొంత ఊరి తీరం కళ్లెదుట కనిపిస్తున్నా, కొన్ని నెలలపాటు అతణ్ని ఒక ఓడ నుంచి మరో ఓడకు మారుస్తూ నీటి మీదే ఉంచేశారు. అతను కోర్టుకెక్కాడు. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు అతనివైపే తీర్పు చెప్పింది. ఇక్కడ పుట్టాడు కాబట్టి ఇక్కడివాడే అంది.

ఆ తీర్పు పేరు 2025లో మళ్లీ అందరి నోటా నానింది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి పుట్టే పిల్లలకు పౌరసత్వం ఇవ్వకూడదంటూ ఆ ఏడాది జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్‌ ఉత్తర్వు మీద సంతకం చేశారు. అమల్లోకి రాకుండా కింది కోర్టులు అడ్డుకున్నాయి. వివాదం సుప్రీంకోర్టు గడప తొక్కింది. అప్పుడు ఎందరో తెలుగు తల్లిదండ్రులు గుండెలు చిక్కబట్టుకున్నది ఆ ఒక్క కాగితం గురించే.

పాదముద్రల కాగితం పనికిరాదు

ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే చిట్టి పాదాల ముద్రలు వేసి, అందమైన అంచులతో ఓ పత్రం ఇస్తుంటారు. ఆల్బమ్‌లో దాచుకోవడానికి అది ముచ్చటగా ఉంటుంది. రేవులో మాత్రం చెల్లదు. రాష్ట్రం లేదా కౌంటీ జనన రికార్డుల కార్యాలయం ఇచ్చిన పత్రమే కావాలి. ప్రభుత్వ నిబంధన ప్రకారం పిల్లలకు నకలు కూడా సరిపోతుంది. కానీ ఓడ సంస్థలకు సొంత నియమాలు ఉంటాయి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. ముద్ర ఉన్న ధ్రువీకృత ప్రతిని వెంట ఉంచుకోవడమే మేలు.

ప్యూర్టోరికోలో పుట్టినవారికి ఇంకో మెలిక ఉంది. అక్కడ జనన పత్రాలు దొంగల చేతుల్లో పడి దుర్వినియోగం కావడంతో, 2010 జులై 1కి ముందు ఇచ్చినవాటన్నిటినీ రద్దు చేశారు. అలాంటివారు కొత్త పత్రం తీసుకోవాల్సిందే.

మనవాళ్లకు పేర్ల తంటా అదనం. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకు చివర. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు కాగితాల్లో ఒక్క అక్షరమే ఉంటుంది. కొందరి పిల్లలకు తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడిపోతుంది. టికెట్‌ మీది పేరు, కాగితం మీది పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. 'అదీ ఇదీ ఒకటేనండీ' అని రేవులో చెబితే వినేవారుండరు.

ఒకే ఇల్లు... నాలుగు కాగితాలు

ఓ తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. నాన్న హెచ్‌-1బి వీసా మీద డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మది హెచ్‌-4. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నారు కాబట్టి పెద్దమ్మాయి విజయవాడలో పుట్టింది. చిన్నోడు డాలస్‌లోనే పుట్టాడు. మనవళ్లను చూడటానికి అమ్మమ్మ బి-2 వీసా మీద వచ్చింది. అందరూ కలిసి బహమాస్‌ ఓడకు టికెట్లు తీసుకున్నారు.

చిన్నోడికి ఏ దిగులూ లేదు. బర్త్‌ సర్టిఫికెట్‌ చాలు. అక్కది కూడా బర్త్‌ సర్టిఫికెట్టే, కానీ విజయవాడ నగరపాలక సంస్థ ఇచ్చింది. దానికి ఇక్కడ పనిలేదు. ఆ పాపకు భారత పాస్‌పోర్టు, చెల్లే అమెరికా వీసా ఉండాలి. అమ్మానాన్నలకూ అంతే. అమ్మమ్మ వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించేందుకు వీలున్నదై ఉండాలి. ఓడ ఎక్కి విదేశీ రేవు చూసి రావడమంటే, అమెరికాలోకి మరోసారి ప్రవేశించడమే.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. అమెరికాలో ఉండటానికి అనుమతి వేరు, బయటికెళ్లి తిరిగి లోపలికి రావడానికి పాస్‌పోర్టులో ఉండే వీసా ముద్ర వేరు. హెచ్‌-1బి పొడిగింపు కాగితం చేతికొచ్చినా, పాత వీసా ముద్ర గడువు తీరిపోయి ఉండొచ్చు. దేశంలో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. గడప దాటితేనే చిక్కు.

గడువు తీరినవారికి ఒక చిన్న మినహాయింపు ఉంది. కెనడా లేదా మెక్సికోకు మాత్రమే వెళ్లి, 30 రోజుల్లోపు తిరిగొస్తే, ఉండే అనుమతిని తెలిపే ఐ-94 గడువు మిగిలి ఉన్నవారిని పాత వీసాతోనే రానిస్తారు. విద్యార్థులకు కరీబియన్‌ ప్రాంతపు దగ్గరి దీవులకూ ఇది వర్తిస్తుంది, క్యూబాకు తప్ప. హెచ్‌-1బి వారికి దీవుల సౌకర్యం లేదు. అంటే, వీసా ముద్ర గడువు తీరిన నాన్న గాల్వెస్టన్‌ నుంచి మెక్సికో ఒక్కటే చూసి రావడానికి నిబంధన అడ్డు చెప్పకపోవచ్చు. అదే ఓడ దారిలో మరో దేశపు దీవి తాకితే ఆ మినహాయింపు పోతుంది. బహమాస్‌ అయితే అసలే లేదు. పైగా మెక్సికోలో దిగేందుకు ఆ దేశం అడిగే కాగితాలు వేరేగా చూసుకోవాలి.

కెనడా సంగతి మరోటి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా వీసా ఉన్నా సరే, విక్టోరియాలో ఆగే అలాస్కా ఓడ ఎక్కాలంటే కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రం పాస్‌పోర్టు, ఆ కార్డు చూపిస్తే వీసా అక్కర్లేదు.

ఇంకో కోణమూ ఉంది. అమ్మానాన్నలు అమెరికా పౌరులై, బిడ్డ హైదరాబాద్‌లో పుట్టిందనుకుందాం. నిబంధనలు కుదిరితే ఆ బిడ్డా అమెరికా పౌరురాలే. కానీ హైదరాబాద్‌ జనన పత్రం ఆ సంగతి చెప్పదు. అమెరికా కాన్సులేట్‌లో నమోదు చేయించుకుంటే విదేశీ జనన నివేదిక ఇస్తారు. అదే అమెరికాలో పుట్టినవారి బర్త్‌ సర్టిఫికెట్‌తో సమానంగా పనిచేస్తుంది. దీనికోసం ఒకప్పుడు మనవాళ్లు చెన్నై వెళ్లాల్సి వచ్చేది. 2008లో హైదరాబాద్‌లోనే కాన్సులేట్‌ వచ్చాక ఆ దూరం తగ్గింది.

ఓడ వెళ్లిపోతే?

అంతా అనుకున్నట్టు జరిగితే బర్త్‌ సర్టిఫికెట్‌ హాయిగా పనిచేస్తుంది. అనుకోనిది జరిగితేనే దాని బలహీనత బయటపడుతుంది.

నసావులో దిగి బజారంతా తిరిగి, ఆలస్యంగా రేవుకొచ్చారు. ఓడ మీకోసం ఆగదు. లేదా సముద్రం మధ్యలో పిల్లాడికి అపెండిసైటిస్‌ నొప్పి వచ్చింది. దగ్గరి దీవిలో ఆసుపత్రికి చేర్చారు, ఓడ ముందుకెళ్లిపోయింది. ఇప్పుడు ఇంటికి చేరాలంటే విమానమే దిక్కు. విమానానికి బర్త్‌ సర్టిఫికెట్‌ చాలదు, పాస్‌పోర్టు పుస్తకమే కావాలి. అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి అత్యవసర పాస్‌పోర్టు తీసుకోవాలి. అది శనివారమో, సెలవురోజో అయితే? పక్కనే ఆసుపత్రి మంచం మీద బిడ్డ, చేతిలో పనికిరాని కాగితం! అమెరికా అధికారులు కూడా 'వీలైతే పాస్‌పోర్టు పెట్టుకోండి' అని చెప్పేది ఇందుకే.

పాస్‌పోర్టు కార్డు అని పర్సులో పట్టేది ఒకటుంది. 2008 నుంచి ఇస్తున్నారు. ఓడకు, రోడ్డుకు బాగుంటుంది గానీ అంతర్జాతీయ విమానానికి అదీ చెల్లదు. అలాగే, కొన్ని దీవులు తమ నేల మీద కాలు పెట్టాలంటే పాస్‌పోర్టు అడుగుతాయి. అమెరికా ఇచ్చిన మినహాయింపు అమెరికాలోకి తిరిగి రావడానికే. పొరుగు దేశం తన గుమ్మం ముందు ఏం అడగాలో అది నిర్ణయించలేదు.

మన దగ్గర ఎలా?

మన దేశంలో జనన పత్రానికి ఈమధ్యే గిరాకీ పెరిగింది. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం, ఆ తేదీ నుంచి పుట్టినవారికి స్కూల్లో చేర్చాలన్నా, పాస్‌పోర్టు తీసుకోవాలన్నా పుట్టిన తేదీకి అదే ఆధారం. అయినా దాన్ని చూపించి విదేశీ విహారనౌక ఎక్కడం కుదరదు. కారణం ఉంది. మన పత్రం ఎప్పుడు, ఎక్కడ పుట్టామో చెబుతుంది. పౌరసత్వాన్ని దానికదే రుజువు చేయదు. 1987 జులై 1 నుంచి పుట్టినవారి విషయంలో తల్లిదండ్రుల పౌరసత్వాన్ని కూడా చట్టం లెక్కలోకి తీసుకుంటుంది.

2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు విహారనౌక నడిచినప్పుడు మనవాళ్లు ఆసక్తిగా చూశారు. అలా మన రేవుల మధ్యే తిరిగే ఓడకు గుర్తింపు కార్డు సరిపోతుంది. అదే శ్రీలంక రేవు తాకితే పాస్‌పోర్టు తీయాల్సిందే.

ఓడెక్కే ముందు ఇవి చూసుకోండి

* ఎక్కే రేవు, దిగే రేవు ఒకటేనా? మధ్యలో ఏయే దేశాలున్నాయి?
* ఆ దేశాలు ఏం అడుగుతాయో, ఓడ సంస్థ ఏం అడుగుతుందో ఒక్కొక్కరి పేరునా విడివిడిగా రాసుకోండి.
* వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు, ఐ-94 గడువు రెండూ చూసుకోవాలి. అనుమానం ఉంటే టికెట్‌ కొనకముందే ఇమిగ్రేషన్‌ లాయరును అడగాలి.
* పిల్లల్ని అమ్మ ఒక్కరే, నాన్న ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రాన్ని నోటరీ చేయించి పెట్టుకోవాలి. తాతయ్య, నానమ్మలతో పంపేటప్పుడైతే ఇద్దరి సంతకాలూ ఉండాలి.
* కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెల్లో పెడితే అవి మీకంటే ముందే ఓడెక్కేస్తాయి!

అమెరికాలో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి ఎలాగూ పాస్‌పోర్టు ఉంటుంది. తాతగారి ఊరు రావాలంటే అది తప్పదు కదా. ఇంట్లో ఉన్నదాన్ని 'దగ్గరేగా' అని బీరువాలో వదిలేయకుండా ఓడకూ తీసుకెళ్తే సరి. లేనివారు తీయించుకోవడమూ కష్టం కాదు. పదహారేళ్లలోపు పిల్లలకైతే ఐదేళ్లు, పెద్దలకైతే పదేళ్లు పనిచేస్తుంది.

'వీడు మా వాడే' అని పుట్టిన దేశానికి గుర్తుచేసేది బర్త్‌ సర్టిఫికెట్‌. 'వీడు మా వాడు, కాస్త చూసుకోండి' అని పరాయి దేశానికి చెప్పేది పాస్‌పోర్టు. సముద్రం ప్రశాంతంగా ఉన్నంతసేపూ మొదటిది చాలు. అలల్ని మాత్రం ఎవరు నమ్మగలరు!